ముందే చెప్పిన స్తోత్రం

సెలవుల్లో నెల్లూరు సముద్రతీరానికి వెళ్తున్నానంటే మా ఆఫీసులోని తెలుగువాళ్ళే నవ్వారు. "అక్కడ చూడ్డానికి ఏముంది, రొయ్యల గుంటలు తప్ప?" అన్నారు. మాట నిజమే. ఉన్నవి రొయ్యల గుంటలే. నేను వెళ్ళింది వాటిని చూడ్డానికి కాదు, అమ్మడానికి.

సంగతి ముందే చెప్పేస్తే తర్వాత దారి హాయిగా సాగుతుంది. నేనూ, నా భర్త వినోద్ టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. మా అమ్మాయి నిస్సీని రెండేళ్ళ పిల్లప్పుడు చంకనేసుకుని వెళ్ళాను. ఇప్పుడు దానికి పద్దెనిమిది. గ్రీన్ కార్డుకి ఎప్పుడో దరఖాస్తు పెట్టాం, వరసలో నిలబడ్డాం. ఇండియాలో పుట్టినవాళ్ళ వరస ఎలాంటిదంటే, మా తర్వాత వచ్చిన వేరే దేశాలవాళ్ళు కార్డు తీసుకుని, పౌరులైపోయి, ఇప్పుడు ఎన్నికల్లో ఎవరికి ఓటెయ్యాలో మాకు చెబుతున్నారు. మా సంగతి సరే. నిస్సీకి ఇరవై ఒకటి నిండిన రోజున అది మా వీసా నీడలోంచి బయటికి నడవాలి. ఆ తర్వాత చదువు వీసా, ఉద్యోగ వీసా, దానికో లాటరీ. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న ఊళ్ళో అది అతిథి అయిపోతుంది.

దీనికి అడ్డదారి కాని ఒక దగ్గరిదారి ఉంది. అక్కడి ఏదో ఒక ప్రాజెక్టులో పెద్ద మొత్తం పెట్టుబడి పెడితే, దానివల్ల కొందరికి ఉద్యోగాలు వస్తే, కుటుంబం మొత్తానికి కార్డు ఇస్తారు. ఆ వరస పొట్టిది. మేం దాచుకున్న డబ్బూ, మా ఇల్లూ కలిపినా చాలదు. మిగిలింది అల్లూరు గుంటలు.

అవి మా తాతవి. సగం మా అమ్మకి, సగం మా పెద్దమ్మకి వచ్చాయి. అమ్మ భాగం ఇప్పుడు నాది, పెద్దమ్మ భాగం ఆమె కూతురు సువార్తక్కది. చిక్కంతా నీళ్ళ దగ్గరుంది. ఉప్పు కాలువ అక్క భాగంలోంచే వస్తుంది. నా గుంటలకి వేరే నీటి దారి లేదు. కొనేవాళ్ళు కొంటే రెండూ కలిపి కొంటారు, లేకపోతే లేదు. అంటే నేను అమ్మాలంటే అక్క కూడా అమ్మాలి. అక్క ఆ గుంటల మీదే బతుకుతోంది.

ఫోన్‌లో పైపైన అన్న ఈ మాట అక్కని ఎదురుగా కూర్చుని అడగడానికి మార్చి నెలలో నేనూ నిస్సీ బయల్దేరాం. వినోద్ రాలేదు. ఆయన పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు దాటిపోయింది. వస్తే తిరిగి వెళ్ళడం ఎప్పుడో చెప్పలేం.

పులికాట్ ఒడ్డున

మద్రాసులో దిగి, కారు మాట్లాడుకుని ఉత్తరానికి తిరిగాం. తడ దాటాక నిస్సీ "కొంగలు!" అని అరిచింది. సరస్సు మధ్యలో దూరంగా, పొద్దున ఆరేసిన గులాబీరంగు చీరలాగా ఫ్లమింగోల గుంపు కనిపించింది. దగ్గర్నుంచి చూడాలంటే పడవ కావాలని డ్రైవరు ఒక పల్లెలోకి తీసుకెళ్ళాడు.

అక్కడ పడవ నడిపే ఏడుకొండలు, ఆయన భార్య కాంతమ్మ దొరికారు. పడవ ఎక్కేటప్పుడు నా చెప్పు ఒకటి బురదలో దిగబడిపోయింది. దానికోసం చెయ్యి పెడితే చెయ్యి కూడా మోచేతిదాకా దిగింది. కాంతమ్మ నవ్వాపుకోలేక పడవ అంచు పట్టుకుని కూర్చుంది. చివరికి చెప్పు ఆమే తీసింది, కడిగి ఇచ్చింది. ఆ తర్వాత మేం కొత్తవాళ్ళం కాదు.

నీళ్ళ మీద అక్కడక్కడా కర్రలు పాతి ఉన్నాయి. అవేమిటని నిస్సీ అడిగింది. రొయ్యలు బాగా దొరికే చోట్లు సరస్సులో కొన్నేనట. ఊళ్ళో కుటుంబాలు చీట్లు వేసుకుని ఆ చోట్లని వంతులవారీగా పంచుకుంటాయట. ఈ రోజు నీ వంతు, రేపు నా వంతు.

"మా చిన్నోడికి ఈ సంవత్సరమే వంతొచ్చింది," అంది కాంతమ్మ గర్వంగా. "మొగపిల్లోడికి ఈడొచ్చి, పెళ్ళయిందంటే ఊళ్ళో పేరు చేర్చుకుంటారమ్మా. పెద్దలకు తాంబూలం పెట్టాల. ఆ పొద్దు నుంచి వాడికీ ఒక వంతు."

"బయటివాళ్ళు వచ్చి డబ్బులిస్తే ఇస్తారా?" అంది నిస్సీ. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

"దుడ్లకిచ్చేదానికి అది ఎవురిదని పాపా? ఊరిది గదా."

తెడ్డు వేస్తున్న ఏడుకొండలు తల తిప్పకుండానే అన్నాడు: "అమ్మనిస్తే నేనెప్పుడో అమ్మేసి సూళ్ళూరుపేటలో మెస్సు పెట్టుకోనుంటా."

"ఈయనకి నీళ్ళు కాగబెట్టేది రాదు, మెస్సంట!" అంది కాంతమ్మ.

నిస్సీ ఇంకా వంతుల దగ్గరే ఉంది. "ఆడపిల్లలకి వంతు రాదా?"

"రాదు."

"అది బాగాలేదు."

"బాగలేదు పాపా. నువ్వే వచ్చి పెద్దలను అడుగు. నీ వెనకాల నేనుంటా," అంది కాంతమ్మ, సగం వేళాకోళంగా, సగం నిజంగానే.

దిగాక వాళ్ళింట్లో పీతల కూర, అన్నం పెట్టారు. పడవకి మాట్లాడుకున్న ఐదువందలు తీసుకున్నారు గానీ భోజనానికి రూపాయి ముట్టలేదు. టెక్సాస్‌లో పక్కింటివాళ్ళని కాఫీకి పిలవాలన్నా రెండు వారాల ముందు మెసేజ్ పెట్టుకుంటాం. ఇక్కడ చెప్పు పోగొట్టుకుంటే చాలు, అన్నం పెడతారు.

కారెక్కాక నిస్సీ కొంతసేపు కిటికీలోంచి చూసి అంది: "వాళ్ళకి పెద్దయితే వస్తుంది. నాకు పెద్దయితే పోతుంది."

సంచీలో ఉన్న బిస్కెట్ పాకెట్ తీసి ఇచ్చాను. అది తీసుకుంది, పాపం.

కోట

రాత్రి దారిలో ఒక లాడ్జిలో పడుకుని, మర్నాడు పొద్దున్నే కోట చేరాం. బస్టాండు దగ్గర హోటల్లో కారం దోశ నలభై రూపాయలు. ఎర్రకారం దట్టంగా పూసి, పైన పప్పులపొడి చల్లి ఇచ్చాడు. నిస్సీ ముందు ఒకటి చాలంది. కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ రెండోది తెప్పించుకుంది. కళ్ళు తుడుచుకుంటున్న పిల్లని చూసి పక్క బల్ల మీది పెద్దాయన తన మజ్జిగ గ్లాసు ఇటు జరిపి, "తాగమ్మా, నేను ఇంకొకటి చెప్పుకుంటా" అన్నాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ ఆ మజ్జిగ గుర్తుంది.

కోటలో ఆగింది శ్రీధర్ కోసం. ఒకప్పుడు మా ఆఫీసులోనే పనిచేసేవాడు. నేను చెయ్యాలనుకుంటున్న పనిని అతను ఇంతకుముందే చేశాడు. నెల్లూరులో ప్లాట్లు అమ్మి, అమెరికాలో ఒక హోటలు కట్టడంలో పెట్టుబడి పెట్టాడు. ఇప్పుడు భార్యా కొడుకూ అక్కడుంటే, తను సగం సంవత్సరం అక్కడ, సగం ఇక్కడ. సముద్రం దగ్గర రొయ్య పిల్లల హేచరీ నడుపుతున్నాడు.

హేచరీలో తొట్లనిండా నీళ్ళు, గాలి బుడగల చప్పుడు. ఒక గ్లాసులో నీళ్ళు ముంచి వెలుతురుకి ఎత్తి చూపించాడు. చాలాసేపు చూస్తే గానీ అందులో కదులుతున్న వెంట్రుక ముక్కల్లాంటివి కనబడలేదు. అవే రొయ్య పిల్లలట.

"నీ హోటలు ఎంతవరకు వచ్చింది?" అన్నాను.

"మూడంతస్తులు లేచి ఆగిపోయింది. పైన పిచ్చిమొక్కలు కూడా మొలిచినాయంట." నవ్వాడు. "డబ్బు వెనక్కి వస్తుందని ఎవరూ హామీ ఇయ్యరు కరుణా. ఇయ్యకూడదు కూడా. హామీ ఇస్తే అది పెట్టుబడి కాదు, అప్పు అంటారు. పోయే ప్రమాదం ఉండాలి. అదే షరతు."

"కార్డులు?"

"వచ్చినాయి. అబద్ధం ఎందుకు చెప్పాల."

"మళ్ళీ చేస్తావా?"

అతను గ్లాసులో నీళ్ళు జాగ్రత్తగా తొట్లో పోసి అప్పుడు చెప్పాడు. "చేస్తా. మావాడు పాస్‌పోర్టు చూసుకుని భయపడకుండా చదువుకుంటా ఉండాడు. అది నాకు చాలు. అయితే ఒకటి. నేను అమ్మింది ఖాళీ ప్లాట్లు. వాటిల్లో ఎవురూ లేరు."

నాకు శ్రీధర్ మీద కొంచెం కోపం వచ్చింది. చెయ్యమంటే చేస్తాను, వద్దంటే మానేస్తాను. రెండూ కలిపి చెబితే నేనేం చెయ్యను? కానీ అతను నిజం చెప్పాడు. ఈ పెట్టుబడులు అమ్ముకునే ఏజెంట్ల నోట అన్నాళ్ళూ నేను వినని నిజం. అందుకు అతనికి రుణపడి ఉన్నాను.

అల్లూరు

నెల్లూరు దాటి అల్లూరు వైపు తిరిగితే రోడ్డుకి ఒకపక్క కోతకొచ్చిన వరి, ఇంకోపక్క గుంటలు. గుంటల్లో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. గాలిలో ఉప్పు, మేత వాసన కలిసి వస్తుంది. నాకది ఇంటి వాసన. నిస్సీ కారు అద్దం ఎక్కించేసింది.

సువార్తక్క గట్టు మీదే దొరికింది. నైటీ మీద తుండుగుడ్డ, కాళ్ళకి మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. మమ్మల్ని చూసి మేత బక్కెట్టు కిందపెట్టి పరుగెత్తుకొచ్చింది.

"ఏమ్మే, ఇంత సన్నబడినావు! ఆడ అన్నం అమ్మరా?" అని నన్ను దులిపేసి, నిస్సీ రెండు చెంపలూ పట్టుకుంది. నిస్సీ ఎక్కువ మాట్లాడేది వినోద్‌తోనో నాతోనో కాదు, అక్కతో. ప్రతి శనివారం ఫోన్‌లో అక్క దానికి తెలుగు బైబిల్ చదవడం నేర్పింది. పన్నెండేళ్ళప్పుడు మొదలుపెట్టింది, ఒక్క శనివారం మానలేదు. అందుకే మా పిల్ల తెలుగు కొంచెం వింతగా ఉంటుంది. మామూలు మాటల్లో తడబడుతుంది, ఉన్నట్టుండి "ఇదిగో" అనీ "నిశ్చయముగా" అనీ అంటుంది.

బావ పోయాక గుంటలు కౌలుకి ఇచ్చెయ్యమని అక్కకి అందరూ చెప్పారు. ఇవ్వలేదు. తనే మేత వేసింది, తనే మోటార్లు చూసుకుంది. ఏటా నా భాగానికి రావలసింది నేను అడగకముందే నా ఖాతాలో వేసేది. గుంటలకి రోగం తగిలిన సంవత్సరం కూడా వేసింది. ఎలా వేసిందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసు పెట్టింది. ముందురోజే వండి ఉంచింది, మర్నాటికి గానీ దానికి రుచి రాదని. తింటుండగానే నేను విషయం మొదలుపెట్టాను. విమానంలో కూర్చుని తయారుచేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. కార్డు, వరస, నిస్సీ వయసు చెప్పాను. డబ్బు వెనక్కి వస్తుందన్న హామీ ఉండకూడదని శ్రీధర్ చెప్పిన షరతూ చెప్పాను.

"అంటే వైరస్ కొట్టినా ఎవుర్నీ అడిగేదానికి లేదు. మన గుంట మాదిరే," అంది అక్క. ఒక్క ముక్కలో తేల్చేసింది. తర్వాత నా విస్తట్లో ఇంకో చేప ముక్క వేసి, "అమ్మేద్దాంలేమ్మే. ఫోన్లో నువ్వన్నప్పుడే అనుకున్నా. నాకూ మోకాళ్ళు నొప్పులు. ఇంకెన్నాళ్ళు చేస్తా," అంది.

అంతే. నా మాటలు ఇంకా సగం కూడా అవలేదు. నాకు పొలమారింది. అక్క నీళ్ళ చెంబు అందిస్తూ, "నిదానంగా తిను" అంది.

సాయంత్రం, అక్క ముందే కబురు పెట్టి ఉంచిన బ్రోకరు మస్తానయ్య మోటార్ సైకిల్ మీద వచ్చాడు. బోగోలు ఆయనది. తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు. కొనేవాళ్ళు సోమవారం వచ్చి బయానా ఇస్తారని చెప్పాడు. అందరం గట్ల మీద తిరిగాం. మూడు గుంటల్లో పంట ఉంది. నాలుగోది నీళ్ళు నింపి, అంతా సిద్ధం చేసి ఖాళీగా ఉంది.

"ఇందులో రొయ్య పిల్లల్ని ఎందుకు వదల్లేదు పెద్దమ్మా?" అని నిస్సీ అడిగింది.

"అమ్మేదానికి పిల్లెందుకు వదిలేది," అంది అక్క, వంగి గట్టు మీద కలుపు పీకుతూ. రెండు రోజుల్లో వేరేవాళ్ళది కాబోయే గట్టు అది. మోకాళ్ళ నొప్పులన్న మనిషి వంగి పీకుతూనే ఉంది.

ఆదివారం

ఆదివారం గుడికి, అంటే మా వాళ్ళ మాటలో చర్చికి, కొత్తచీర కట్టుకోమని అక్క పట్టుబట్టింది. నేను అనుమానించలేదు. గుడి ముందు షామియానా, పక్కన పొయ్యి మీద పెద్ద డేగిశా చూసి ఎవరిదో పెళ్ళనుకున్నాను. లోపల బలిపీఠం ముందు సొరకాయలు, మామిడికాయల గంప, గుడ్లు, కాళ్ళు కట్టేసిన కోడి, ఐసు మీద రొయ్యలు. ఎవరైనా దేవుడి దగ్గర మేలు పొందితే మా వాళ్ళు కృతజ్ఞత కూటం పెడతారు. పొలంలోదో, గుంటలోదో, పెరట్లోదో తెచ్చి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. అందరూ భోజనం చేసి వెళ్తారు.

పాస్టరు గారు లేచి మైకు సర్దుకున్నారు. "మన సువార్తమ్మ గారి చెల్లెలి కుటుంబానికి అమెరికా దేశంలో శాశ్వత నివాసం దయచేసిన దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లిద్దాం."

సభంతా "స్తోత్రం" అంది. నేను అక్క వైపు తిరిగాను. అక్క పాటల పుస్తకంలోకి చూస్తోంది.

"ఏందక్కా ఇది? మాకింకా రాలేదు!" అన్నాను గుసగుసగా. చిన్నప్పటి యాస దానంతటదే వచ్చేసింది.

"ఫోన్లో చెప్తివి గదే, గుంటలమ్మితే కార్డొస్తాదని. అమ్మతా ఉండాం గదా. ముందే స్తోత్రం చెప్పుకుంటే ఏం?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరి కోడి అది? ఎవరి గుడ్లు? మా కార్డు కోసం ఊరంతా పెరళ్ళు దులుపుకుని వచ్చింది. ఇక మా ఆచారంలో తప్పించుకోలేనిది ఒకటుంది. మేలు పొందినవాళ్ళు సభ ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. పాస్టరు గారు నా వైపు చెయ్యి చాపారు. నేను తల అడ్డంగా ఊపాను.

నిస్సీ లేచింది.

అది మైకు దగ్గరికి నడుస్తుంటే నేను దాని చున్నీ పట్టుకుని ఆపబోయాను, అందలేదు.

"అందరికీ వందనాలు," అంది. "నాకు కార్డు రాలేదు. ఇంకా అడగను కూడా అడగలేదు. పెద్దమ్మ ముందే థాంక్స్ చెప్పేసింది."

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది. అక్క తల ఇంకా కిందికి వంచింది.

"కార్డు కావాలంటే గుంటలు అమ్మాలి. మా అమ్మ అడిగింది. పెద్దమ్మ సరే అంది. పులుసు వడ్డిస్తూ సరే అంది. నన్ను ఎవరూ అడగలేదు. నేను సరే అనడం లేదు." అక్కడ ఆగింది, మాట కోసం వెతుక్కుంది. "నాకు ఇరవై ఒకటి వస్తే నేను స్టూడెంట్ వీసా తీసుకుంటాను. తర్వాత ఏమవుతుందో తెలియదు. నాకు భయం ఉంది. కానీ పెద్దమ్మ పొద్దున్నే లేచి వెళ్ళే చోటు అమ్మేసి నాకు ఉండే చోటు కొనొద్దు. నిశ్చయముగా వద్దు."

ఎవరూ నవ్వలేదు ఈసారి.

"మీరందరూ ఇవన్నీ తెచ్చారు కాబట్టి స్తోత్రం ఆపొద్దు. కార్డుకి కాదు. పెద్దమ్మ సరే అన్నందుకు."

వచ్చి నా పక్కన కూర్చుంది. పిల్లని ఇన్నేళ్ళ నుంచీ కాపాడుతున్నాననుకుంటున్నాను నేను. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు, ఎవరు ఎవరిని కాపాడుతున్నారో నాకు తెలియలేదు. వెనక వరసలో ఒక ముసలాయన గట్టిగా "స్తోత్రం!" అన్నాడు. దాంతో అందరూ అన్నారు. పాస్టరు గారు అనుభవం ఉన్న మనిషి. "ఇచ్చినదానికీ, ఇంకా ఇయ్యనిదానికీ కూడా" అని కలిపేసి పాట ఎత్తుకున్నారు.

వేలంలో ఇంకో విచిత్రం జరిగింది. భోజనానికి పిలిస్తే వచ్చి వెనక కుర్చీలో కూర్చున్న మస్తానయ్య, బేరాల మనిషి కదా, వేలం చూస్తే ఊరుకోలేకపోయాడు. ఒక సొరకాయ కోసం నామీద పోటీకి దిగి, బజారులో ఎవరూ పెట్టని ధరకి పాడుకున్నాడు. గంప భుజానికెత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకుని నిలబడితే గుడంతా చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చాక అక్క గిన్నెలు గట్టిగా తోమింది. చివరికి, "సభలో నా పరువు తీసినావు గదే," అంది.

"సారీ పెద్దమ్మా."

"ఇంత తెలుగు ఎవురు నేర్పినారే నీకు?"

"నువ్వే."

అక్క పళ్ళెం బోర్లించి, చేతులు తుడుచుకుని, నా వైపు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను సరే అన్నది మనసారానే అన్నానమ్మే. అబద్ధం లేదు. అయితే అమ్మినాక పొద్దన లేచి యాడికి పోవాల్నో, అదొక్కటే నాకు తెలీలా."

నేను అక్కని పట్టుకుని ఏడ్చాను. ఇంకేం చెయ్యగలను? అడిగినదానికి మించి ఇచ్చే మనుషులు ఎంతమందికి దొరుకుతారు.

బోగోలు

మస్తానయ్యకి ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పాను. తిడతాడనుకున్నాను. "తెలిసిందేలేమ్మా, నేను ఆడనే ఉంటి గదా. కొనేవాళ్ళకు నేను చెప్పుకుంటాలే. రేపు మధ్యాహ్నం ముగ్గురూ మా ఇంటికి అన్నానికి రాండి" అన్నాడు. బేరం పోగొట్టినవాళ్ళని భోజనానికి పిలిచే బ్రోకరుని నేను వేరే ఎక్కడా చూడలేదు.

సోమవారం వెళ్ళాం. ఆయన భార్య ఆ సొరకాయ పాలు పోసి వండింది. "ఇంత ఖరీదు సొరకాయ మా ఇంటికి ఎప్పుడూ రాలేదు, తొక్క కూడా పారెయ్యలా, పచ్చడి చేసినా" అని భర్త వంక చూస్తూ వడ్డించింది. నిజంగానే తొక్కు పచ్చడి ఉంది, బ్రహ్మాండంగా ఉంది.

సాయంత్రం సముద్రం దగ్గరికి వెళ్ళి వినోద్‌కి ఫోన్ చేశాను. ఇసకలో పడవలు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు. నిస్సీ, అక్క నీళ్ళ దగ్గరున్నారు. జరిగిందంతా చెప్పాను.

"సభలో చెప్పిందా?" అన్నాడు వినోద్.

"మైకులో."

"తెలుగులోనా?"

"తెలుగులోనే. నిశ్చయముగా అని కూడా అంది."

నవ్వాడు. "అయితే సరే," అన్నాడు.

నేను ఒక్కసారిగా తేలికపడిపోయానని రాయను. భయం అలాగే ఉంది. శ్రీధర్ చేసింది తప్పని కూడా నేననుకోవడం లేదు. అమ్మినా ఎవరికీ నొప్పి లేనిది మాకేదైనా ఉంటే నేనూ అదే చేసేదాన్ని.

మళ్ళీ గుంట గట్టు మీద

ఖాళీగా ఉన్న నాలుగో గుంట కోసం నేనడిగితే, మంగళవారం కోట నుంచి శ్రీధర్ రొయ్య పిల్లల్ని పంపించాడు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు, అట్టపెట్టెల్లో. డబ్బు పంపుతానంటే, "పంట చేతికొచ్చినాక చూద్దాంలే" అన్నాడు.

ఎండ ఎక్కకముందే వదలాలి. సంచుల్ని ముందు అలాగే గుంటలో తేలేశారు. లోపలి పిల్లలకి బయటి నీళ్ళు అలవాటు కావాలట. ఒక్కసారిగా వదిలేస్తే చచ్చిపోతాయి. మేం గట్టు మీద కూర్చుని ఎదురుచూశాం. పులికాట్ ఒడ్డున విన్న వంతుల సంగతి నిస్సీ అప్పుడు అక్కకి చెప్పింది. ఈడొస్తే పేరు చేర్చుకోవడం, తాంబూలం, చీట్లు. ఆడపిల్లలకి లేదన్న సంగతి మాత్రం కోపంగా చెప్పింది.

అక్క అన్నీ విని లేచి బూట్లు వేసుకుంది. తన రెండో జత తెచ్చి నిస్సీ ముందు పడేసింది. ఇద్దరూ మోకాళ్ళ లోతు దిగారు. అక్క ఒక సంచి మూతి విప్పి నిస్సీ చేతుల్లో పెట్టింది.

"ఆ ఊళ్ళో ఆడపిల్లలకు లేదంట గదా. ఈడ ఉండాది. ఈడొచ్చిన పిల్లవి, ఈ గుంట నీ వంతు. పట్టు."

నిస్సీ సంచి పట్టుకుంది.

"మెల్లంగా వంచు. నీళ్ళు వాటంతట అవే కలవాల."

వంచింది. నీళ్ళలోకి నీళ్ళు జారాయి. ఎంత వంగి చూసినా ఏమీ కనిపించలేదు. కదలిక లేదు, రంగు లేదు, మునుపటి గుంటే.

"నీళ్ళల్లోకి పోయినాయా పెద్దమ్మా?" అంది నిస్సీ. నెల్లూరు యాస అప్పుడే వచ్చేసింది దానికి.

"పోయినాయి. ఇంక స్తోత్రం చెప్పు."

"ఇప్పుడేనా? ఇంకా ఏమీ రాలేదు కదా."

"ముందే చెప్పాల," అంది అక్క.

నిస్సీ ఖాళీ సంచి గుండెకి అదుముకుని, నీళ్ళలోనే నిలబడి కళ్ళు మూసుకుంది. గట్టు మీద నేనూ మూసుకున్నాను.